ఇరవైమూడున్నర

జూన్ 2

ముందుగా క్షమాపణలు.

ఈ నోటుబుక్కు కోసం ప్రాణాలు వదిలిన చెట్టుకీ, దీన్ని నా చేతిలో పెట్టి "పరిశీలనలు రాసుకో నాయనా" అన్న ఆరోగ్య కార్యాలయానికీ, ముందు ముందు దీన్ని అటక మీద నమిలి అరిగించుకోవాల్సిన చెదపురుగులకీ, వ్యాసరచనలో నాకు రెండో బహుమతి ఇచ్చి జీవితాంతం చెడగొట్టిన కాలేజీ మాస్టారికీ చేతులు జోడించి, తల వంచి, నడుము సహకరిస్తే సాష్టాంగపడి విన్నవించుకునేది ఏమనగా: ఈ పేజీల్లో పరిశీలనలేమీ ఉండవు. నేనే ఉంటాను. తప్పంతా నాది. మన్నించండి. (ఇంకా ఏ తప్పూ చెయ్యలేదు. ముందే చెప్పి పెట్టుకుంటే ఎప్పుడైనా పనికొస్తుందని.)

విషయం. డిగ్రీ చేతికొచ్చిన పద్నాలుగు నెలలకి ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంటే మూడు నెలల ఉద్యోగం. హోదా, సర్వే సహాయకుడు. ఆయుధాలు, ఒక టేపు, ఒక ఫారాల కట్ట, మెళ్ళో ఫోటో ఉన్న కార్డు. ఫోటోలో నేను దొంగతనం ఒప్పుకున్నవాడిలా ఉన్నాను.

చెయ్యాల్సిందల్లా కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఎడమ చెయ్యి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, టేపుతో కొలవడం. ఇరవై మూడు సెంటీమీటర్ల దగ్గర టేపు మీద రంగు మారుతుంది. ఇవతల ఎరుపు, అవతల ఆకుపచ్చ. ఎరుపొస్తే ఆవిడ పేరు జాబితాలోకి ఎక్కుతుంది. కాన్పు అయ్యేదాకా రోజూ మధ్యాహ్నం అంగన్‌వాడీ కేంద్రంలో వేడి భోజనం, గుడ్డు, పాలు. పదిహేను రోజులకోసారి డాక్టరు చూస్తాడు. ఆకుపచ్చ వస్తే "సంతోషమమ్మా" అనేసి వచ్చెయ్యాలి.

మా వదినకి అయిదో నెల. ఇంట్లోనే ఒక నమూనా ఉంది కదా అని అమ్మతో అంటే గరిటె చూపించింది.

జూన్ 4

శిక్షణ. మా పర్యవేక్షకురాలికి నేను పెట్టిన పేరు స్కేలు మేడమ్. నిటారుగా నిలబడుతుంది, నిటారుగా కూర్చుంటుంది, తుమ్మినా నిటారుగానే తుమ్ముతుంది.

"టేపు చర్మానికి ఆనాలి. బిగించొద్దు, వేలాడదియ్యొద్దు. చర్మానికీ టేపుకీ మధ్య గాలి కూడా దూరకూడదు. అర్థమైందా?"

"గాలి సైతం నిషిద్ధం మేడమ్," అన్నాను లేచి నిలబడి.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నన్నే ముందుకి పిలిచి కొలిచి చూపించమంది. ఆవిడ చెయ్యే కొలిచాను. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకటే అంకె. "వేళ్ళు వణకట్లేదు. పనికొస్తావు," అంది. ఇరవై రెండేళ్ళ జీవితంలో ఒకరు నా వేళ్ళని మెచ్చుకోవడం ఇదే మొదలు. ఇంటికొచ్చి కాసేపు వాటినే చూసుకుంటూ కూర్చున్నాను.

ఫారంలో ముప్ఫై ఒక్క ప్రశ్నలు. నిన్న ఏం తిన్నారు, ఎన్నిసార్లు తిన్నారు, రోజుకు ఎన్ని గంటలు నిలబడతారు, రక్తం పట్టే మాత్రలు వేసుకుంటున్నారా, కిందటి కాన్పు ఎప్పుడు, ఇలా. పద్నాలుగోది: ఇంట్లో అందరికంటే చివర తినేది ఎవరు?

"దీని దగ్గర ఆగండి," అంది మేడమ్. "జవాబు రాశాక కూడా ఒక్క క్షణం ఆగండి. మిగతా ముప్ఫైకీ కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది."

నేను ఆగాను. ఆకలేసింది.

జూన్ 9

బస్టాపు వెనక సందులో ఇస్త్రీ చేసే ఆవిడ. ఏడో నెల. పక్కన గోనెసంచి మీద పది నెలల పిల్ల, ఎవరిదో చొక్కా కాలరు నములుతోంది.

"ఏంటయ్యా, టేపు తెచ్చావు? నాకు చొక్కా కుడతావా?"

"కుడతానమ్మా. సర్కారు ఒక్క చేతికే డబ్బులిచ్చింది."

చెయ్యి చాపింది, రెండో చేత్తో ఇస్త్రీ ఆపకుండానే. ఇరవైన్నర. ఎరుపు.

పొద్దున్న టీ. పదకొండుకి టీ. "టీ పడితే ఆకలి చచ్చిపోతుంది, పని సాగుతుంది." తొమ్మిది గంటలు నిలబడే. మాత్రలు నాలుగు మింగింది, కడుపులో తిప్పితే అటకెక్కించింది. పద్నాలుగోది అడిగాను.

"చివర ఎవరు మిగిలితే వాళ్ళు తింటారు."

"ఎవరు మిగులుతారు?"

"ఎవరు వండితే వాళ్ళు." నా మొహం చూసి నవ్వింది. "రాసుకో, రాసుకో. కొత్త విషయం ఏదో చెప్పినట్టు చూస్తావేం?"

కేంద్రానికి వెళ్ళనంది. గిన్నె పట్టుకుని నలుగురిలో కూర్చోవడం సిగ్గట. నేను టేపు మడిచి, గొంతు సవరించుకుని, మహా గంభీరంగా చెప్పాను: "అమ్మా, మీరు వెళ్ళకపోతే మీ వాటా గుడ్డు నేను తినాలని రూలు. ఇప్పటికే పన్నెండు మందివి తిన్నాను. ఇంకొక్కటి తింటే నేను పోతాను. నా పాపం మీకెందుకు?"

పడీపడీ నవ్వింది. రేపటి నుంచి వెళ్తానంది.

నేను మంచివాడినని ఈ రోజు కాస్త నమ్మకం కుదిరింది.

జూన్ 10

మన సొంత ఇంటి పరిశీలన కూడా ఒకటి రాసి పారేద్దాం.

వదిన బిస్కెట్ల ఫ్యాక్టరీలో పాకెట్లు సర్దుతుంది. రోజుకు మూడు వేల పాకెట్లు ఆవిడ చేతుల మీదుగా పోతాయి. ఒక్క బిస్కెట్టు నోట్లో వేసుకున్నా పని పోతుంది. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా నిలబడే. ఆ తియ్యటి వాసనకి పొద్దున్నే కడుపులో తిప్పుతుందట. శనివారం విరిగిన బిస్కెట్లు సంచిలో ఇస్తారు. అవి ఇంటికొచ్చాక నావి.

అన్నయ్య లారీ మీద ఉంటాడు. పన్నెండు రోజులకోసారి దుమ్ముతో సహా దిగుతాడు. డాక్టరు చెప్పాడని వెళ్ళేముందు రూలు పెట్టాడు, రోజూ సాయంత్రం వదినకి ఒక గుడ్డు. కాబట్టి ఇంట్లో రెండు ఉడుకుతాయి, ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. వదిన నిలబడి వడ్డిస్తుంది. నేను తింటాను. తరవాత అమ్మ. తరవాత గిన్నెలు. ఆ తరవాత వదిన.

"కొలతల దొరగారూ, తమరికి ఇంకాస్త కూర?"

"వెయ్యి వదినా. దేశసేవ చేసొచ్చాను."

తన గుడ్డు కూడా నా పళ్ళెంలోకి తోస్తుంది. "వాసన పడట్లేదబ్బాయ్. నువ్వు తిను."

నేను ఉత్తమ మరిదిని. పెద్దవాళ్ళ మాట జవదాటను.

జూన్ 13

ఇవాళ పదిహేను ఇళ్ళు. పద్నాలుగో ప్రశ్నకి పదిహేను చోట్లా ఒకటే జవాబు. కలం అడగకముందే రాసేస్తోంది.

జూన్ 17

వదిన వాచీ మోచేతి దాకా జారుతోంది. మేకు కాల్చి బెల్టుకి కొత్త కన్నం పెట్టమంది. పెట్టాను. చాల్లేదు. ఇంకోటి పెట్టాను.

"బెల్టు సాగింది వదినా. నాసిరకం తోలు."

"అంతేలే," అంది.

జూన్ 19

వచ్చేవారం మా వీధి. భోజనాల దగ్గర మాటల్లో చెప్పాను. అమ్మ ముద్ద మధ్యలో ఆపింది.

"మనింట్లో కూడా కొలుస్తావా?"

"రూలమ్మా. కడుపుతో ఉన్న ప్రతి ఇల్లూ."

"ఎరుపొస్తే?"

"జాబితా. కేంద్రంలో భోజనం. పైగా స్కేలు మేడమ్ స్వయంగా ఇంటికొచ్చి అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడుతుంది."

"ఏం మాట్లాడుతుంది?"

"ఎవరు ఎంత తింటున్నారు, ఎవరు చివర తింటున్నారు..."

వదిన గిన్నెలు కడుగుతోంది.

అమ్మ గొంతు తగ్గించింది. "ఒరేయ్. కేంద్రం ఎక్కడుంది? మన వీధి చివర. మనింటి కోడలు గిన్నె పట్టుకుని అక్కడ కూర్చుంటే జనం ఏమంటారు? అత్త అన్నం పెట్టట్లేదంటారు. అయినా మీరంతా ఏదో చదివేసి అంటారు గానీ, ఎక్కువ తింటే బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుంది. నేను మీ ఇద్దర్నీ కనలేదా? నాకెవరు కొలిచారు చెయ్యి?"

"ఎవరూ కొలవలేదు కాబట్టే నేనిలా తయారయ్యాను," అన్నాను.

అమ్మ నవ్వలేదు. నా కార్డు వంక చూసింది. "ఊరందరి ఇళ్ళల్లో తిండి గురించి అడిగేవాడి ఇంట్లోనే తిండి లేదంటే, నీ ఆఫీసులో నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావురా?"

ఆ ప్రశ్న ఫారంలో లేదు.

జూన్ 21

మా వీధి. మా ఇల్లు.

వదిన, ఇరవైమూడున్నర. ఆకుపచ్చ. ఫారం పూర్తయింది.

జూన్ 22

టేపు అబద్ధం చెప్పదు.

జూన్ 24

కొంచెం ఆలోచిద్దాం, చదువుకున్నవాళ్ళం కదా.

ఇరవైమూడున్నర అంటే ఆకుపచ్చ. గీత దాటి అర సెంటీమీటరు మిగులు కూడా. వాచీ జారుతోందంటే అది మణికట్టు సంగతి. మణికట్టు వేరు, దండ చెయ్యి వేరు. సన్నగా ఉండటం వదిన తీరు, పెళ్ళి ఫోటోలో కూడా సన్నగానే ఉంది. (చూశాను. ఫోటోలో అంత సన్నగా లేదు. కెమెరా సంగతి మనకి తెలిసిందే.) పైగా అన్నయ్య గుడ్డు రూలు ఎలాగూ ఉంది. పైగా జాబితాలో చోటు నిజంగా అవసరమైనవాళ్ళకి దక్కాలి. నేను త్యాగం చేశాను. మా ఇంటి తరఫున.

పద్నాలుగో ప్రశ్నకి "అందరూ కలిసి" అని రాశాను. ఒకే ఇంట్లోనే కదా తింటాం.

జూలై 3

ఇవాళ్టి నుంచి నేను గుడ్డు తినను. ఘోర ప్రతిజ్ఞ. వదిన గుడ్డు వదినే తినాలి, నాది కూడా వదినే తినాలి. కడుపు బాగాలేదని ప్రకటించాను.

ఫలితం. అమ్మ కంగారుపడి గుడ్లు ఉడకపెట్టడమే మానేసింది. "వాడికి పడనిది ఇంట్లో వాసన రాకూడదు" అంది. నాకు పాలు పెంచింది.

నా ఒక్కడి త్యాగం వల్ల ఒక ఇంట్లో రెండు గుడ్లు మాయమయ్యాయి. చరిత్రలో ఇంత సమర్థుడైన త్యాగి ఉండడు.

జూలై 7

కడుపు బాగుపడిందని ప్రకటించాను. గుడ్లు తిరిగొచ్చాయి. వదిన తన గుడ్డు నా పళ్ళెంలోకి తోసింది. వద్దన్నాను. "తినబ్బాయ్, నీరసంగా ఉన్నావు," అంది. ఆవిడ నన్ను చూసి నీరసం అంది.

తిన్నాను.

జూలై 12

జీతం రాగానే డజను అరటిపళ్ళు తెచ్చి వదిన చేతిలో పెట్టాను. "ఇవి నీకే. ఎవరికీ ఇవ్వకు. ఇది ఆరోగ్య కార్యాలయం ఆజ్ఞ."

సాయంత్రం చూస్తే అమ్మ గదిలో రెండు, అన్నయ్య సంచిలో నాలుగు, నా బల్ల మీద నాలుగు, పక్కింటి పిల్ల చేతిలో ఒకటి.

"మరి నువ్వు?"

"తిన్నాగా, ఒకటి." గిన్నెలు సర్దుతూ, "సగం. వాంతయింది."

జూలై 20

వదిన మాత్రల కోసం వెతికితే బిస్కెట్ల డబ్బాలో దొరికాయి. మూడు అట్టలు. ఒక్క అట్టలో రెండు గదులు మాత్రం ఖాళీ.

"ఇవి వేసుకుంటే మాటిమాటికీ బయటికి పరిగెత్తాలి. ఫ్యాక్టరీలో గంటకోసారి వెళ్తే సూపర్వైజరు రాసుకుంటాడు," అంది.

ఊరందరికీ నేను చెప్పే ముక్క ఉంది, "తిన్నాక వేసుకోండమ్మా, కొన్నాళ్ళకి అలవాటవుతుంది" అని. అది చెప్పబోయాను. తిన్నాక, అన్నచోట ఆగిపోయాను. ఎప్పుడు తిన్నాక?

జూలై 28

స్కేలు మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, ఆకుపచ్చ వచ్చినవాళ్ళని మళ్ళీ కొలుస్తామా?"

"లేదు. ఎందుకు?"

"ఊరికే. ఒకవేళ ఎక్కడైనా కొలత తప్పుపోతే..."

"నువ్వు కొలిచినవా?" ఆవిడ నా ఫారాల కట్ట మీద చెయ్యేసింది. "మొత్తం ఆఫీసులో తప్పుల్లేని కట్ట ఇదొక్కటే. ఎక్కడైనా అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పు. ఒక్క మాట చాలు, వెళ్ళి మళ్ళీ కొలుద్దాం."

ఒక్క మాట చాలట. నా దగ్గర మాటలకి ఎప్పుడైనా కొరత ఉందా?

"అనుమానం ఏం లేదు మేడమ్. గాలి సైతం దూరలేదు."

ఆవిడ మొదటిసారి నవ్వింది.

జూలై 29

రేపు చెప్తాను.

ఆగస్టు 1

రేపు తప్పకుండా. ఇవాళ ఆవిడ సెలవు.

ఆగస్టు 9

వదిన ఫ్యాక్టరీలో పడిపోయింది. పాకెట్ల బల్ల మీదికి ఒరిగిందట, పక్కావిడ పట్టుకుంది. చక్కెర నీళ్ళు తాగించి, గంటసేపు కూర్చోబెట్టి, మళ్ళీ నిలబెట్టారు. కూర్చున్న గంట కూలి కోశారు.

అన్నయ్య దిగాడు సాయంత్రం. వదినని చూసి నన్నడిగాడు, "ఏరా, మొన్న నువ్వే కదా కొలిచింది? ఎలా ఉందన్నావు?"

"ఆకుపచ్చ."

"మరింకేం," అన్నాడు. వాడి మొహంలో ఎంత ధైర్యం వచ్చిందో. వాడు తొమ్మిదో తరగతి దాకానే చదివాడు. నేను డిగ్రీ. నా మాట వాడికి డాక్టరు మాట.

"చూశావా, చదువుకున్నవాడు చెప్తున్నాడు," అంది అమ్మ, వదినతో.

వదిన నా వంక చూసింది. ఏదో జోకు వెయ్యాల్సిన సమయం అది. వెతికాను. దొరకలేదు.

ఆగస్టు 10

టేపు అబద్ధం చెప్పదు. ఇది ఇంతకుముందు కూడా రాశాను.

ఆగస్టు 23

ఇస్త్రీ ఆవిడ రోడ్డు మీద కేకేసి పిలిచింది. "టేపబ్బాయ్! ఇలా రా, ఇలా రా."

గుడ్డలో చుట్టిన మగపిల్లాడు. ఎర్రగా, బుగ్గలతో, లోకం మీద కోపంగా ఉన్నాడు. రెండు కిలోల తొమ్మిది వందలు.

"పెద్దదాని కంటే ముప్పావు కిలో ఎక్కువ. రోజూ వెళ్ళానయ్యా, వానొచ్చినా వెళ్ళా. మొదట్లో సిగ్గేసింది. తరవాత అక్కడ మాకొక బ్యాచీ తయారైంది. ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకుంటూ తినేవాళ్ళం." పిల్లాడిని నా చేతుల్లో పెట్టింది. "పట్టుకో. నీ టేపు పుణ్యమే."

బరువుగా ఉన్నాడు. చేతులు లాగేశాయి. తొందరగా ఇచ్చేశాను.

"ఏం, అంత తొందరేంటి? మీ ఇంట్లో కూడా ఎవరో ఉన్నారన్నావు కదా, మీ వదినా? ఆవిడ కేంద్రంలో కనపడలేదే?"

"ఆవిడకి ఆకుపచ్చ వచ్చింది."

"అదృష్టవంతురాలు," అంది.

ఆగస్టు 26

రేపు చెప్తాను. మేడమ్‌కి కాకపోతే అన్నయ్యకి. అన్నయ్యకి కాకపోతే నేనే వదినని కేంద్రానికి తీసుకెళ్తాను, నన్నెవరు ఆపుతారు? ఎనిమిదో నెల. ఇంకా రెండు నెలలు ఉందన్నారు. రెండు నెలల్లో చాలా మార్చొచ్చు.

ఆగస్టు 31

రెండు నెలలు లేవు.

సెప్టెంబరు 1

ఆడపిల్ల. కిలో నాలుగు వందల ఎనభై.

అద్దాల పెట్టెలో ఉంది. ముక్కులో గొట్టం. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. డాక్టరుని అన్నయ్య అడిగాడు, బతుకుతుందా అని. "ఒక్కో రోజూ చూద్దాం," అన్నాడు డాక్టరు. అన్నయ్య దానికి తలూపాడు, లోడు ఎక్కడ దింపాలో చెప్పినట్టు.

వదినకి రక్తం ఎక్కిస్తున్నారు. నెలలు నిండకుండానే ఎందుకొచ్చింది అని అమ్మ అందర్నీ అడుగుతోంది. ఊడ్చే ఆవిణ్ణి కూడా అడిగింది.

సెప్టెంబరు 2

పొద్దున వార్డులో ఉన్నాను. నర్సమ్మ వచ్చి వదిన ఎడమ చెయ్యి పైకి తీసి టేపు చుట్టింది. అదే టేపు. నా సంచిలో ఉన్నదాని లాంటిదే.

"ఇరవై పాయింటు ఎనిమిది," అంది. తరవాత వదిన గర్భిణీ కార్డు తిప్పి చూసింది. "ఇదేంటి? జూన్‌లో ఇరవైమూడున్నరా? ఇలా పడిపోదే. ఎవరు కొలిచారమ్మా ఇది?"

నా కార్డు మెళ్ళోనే ఉంది. తీసి జేబులో పెట్టుకున్నాను. అంత పని మాత్రం చురుగ్గా చేశాను.

"ఎవరో సర్వే అబ్బాయమ్మా," అంది వదిన. గొంతు పీలగా వచ్చింది. "బాగా నవ్విస్తాడు. కొలవడం రాదు."

నర్సమ్మ విసుక్కుంది. "ఇలాంటివాళ్ళని పంపిస్తారు మా ప్రాణానికి. అప్పుడే జాబితాలో వేసుంటే కనీసం డాక్టరు చూసేవాడు, రక్తం లేదని తెలిసేది, తిండైనా పడేది." పెన్ను జేబులో గుచ్చుకుని పక్క మంచానికి వెళ్ళిపోయింది.

అమ్మ టిఫిను డబ్బా మూత తీస్తోంది. చెంచా వదిన నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. నర్సు మాటలు విందో లేదో తెలీదు. చెంచా మాత్రం చాలాసేపు గాల్లోనే ఉంది. తరవాత, "తిను," అంది. "ఇంకొంచెం తినమ్మా." ఆవిడ గొంతులో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అంటే నాతో అనగా విన్నాను.

డబ్బాలో రెండు గుడ్లున్నాయి. రెండూ తినిపించింది.

సెప్టెంబరు 3

ఏమీ రాయను.

సెప్టెంబరు 5

అమ్మ ఇంటికెళ్ళింది. అన్నయ్య మందులకి వెళ్ళాడు. వదినా నేనూ. కిటికీలోంచి ఎండ సరిగ్గా దుప్పటి మీద పడుతోంది.

నాలుగు రోజుల నుంచి కూడబెట్టుకున్నది చెప్పడానికి నోరు తెరిచాను. ఏం వచ్చిందంటే, "వదినా, నర్సుతో నా పేరు చెప్పాల్సింది."

"చెప్తే నీ ఉద్యోగం?"

"అది ఎలాగూ మొన్నటితో అయిపోయింది."

"అయ్యో. ముందే తెలిస్తే చెప్పేదాన్ని." చిన్నగా నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. "నీ వేలు చల్లగా తగిలిందబ్బాయ్. నా చెయ్యి కదా, నాకు తెలియదా?"



"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. నేనేమనను?" కిటికీ వైపు తిరిగింది. "అదీకాక, నువ్వు ఆట పట్టిస్తున్నావనుకున్నా. ఇప్పుడు నవ్వేస్తావు, ఊరికే అన్నా వదినా అని వేలు తీసేసి మళ్ళీ కొలుస్తావు అనుకున్నా. అలా చూస్తూనే ఉన్నా. నువ్వు రాసేశావు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను దానికి ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేవాణ్ణి.

నర్సమ్మ వచ్చి, బిడ్డని చూడటానికి ఒకళ్ళు రావచ్చంది. వదిన లేవలేదు కదా. "నువ్వు వెళ్ళి చూసి రా," అంది. "ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు."

చేతులు మూడుసార్లు కడిగించారు. పెట్టె పక్కన చిన్న కిటికీలాంటిది ఉంది. అందులోంచి ఒక చెయ్యి లోపల పెట్టొచ్చు. పెట్టాను. ఎక్కడ ముట్టుకోవాలో తెలియక చూపుడు వేలు పాప చెయ్యి పక్కన ఆనించి పెట్టాను. దండ చెయ్యి. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన. అలవాటైన చోటు.

నా వేలే లావుగా ఉంది.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఊపిరి తీసుకుంటోంది వదినా, గుంట ఇంకా పడుతోంది, నిన్నటి కంటే పదిహేను గ్రాములు తగ్గిందట, మొదట్లో తగ్గుతారట, చెయ్యి నా వేలంత కూడా లేదు. వదిన అన్నీ వింది. చివరి మాటకి కళ్ళు మూసుకుంది.

రేపు స్కేలు మేడమ్ దగ్గరికి వెళ్తున్నాను. రేపు అని ఇదివరకు చాలాసార్లు రాశాను కాబట్టి, ఇవాళ ముందు ఇక్కడ రాస్తాను.

మొదటి పేజీలో చెట్టుకీ చెదపురుగులకీ చెప్పిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. వాటికి నేనేమీ చెయ్యలేదు.

జూన్ 21న, మా ఇంట్లో, అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుండగా, మా వదిన ఎడమ చేతికి టేపు చుట్టాను. ఇరవై ఒకటి వచ్చింది. ఎరుపు. టేపు కింద నా చూపుడు వేలు పెట్టి మళ్ళీ చుట్టాను.